పాటిదిబ్బలు – తీరిక వేళల పురావస్తు పరిశీలన

తొలకరి జల్లు పడిన మరునాడు నల్లరేగడి చేలో నడిచేవారికి ఒక దృశ్యం కనబడుతుంది. గుంటక తోలిన మట్టి మీద వాన నీరు సన్నని ధూళిని కడిగివేయగా అక్కడక్కడ ఎర్రని పెంకు ముక్కలు, శంఖపు గాజుల తునకలు, ఒక్కొక్కప్పుడు మెరిసే చిన్న పూస పైకి తేలి ఉంటాయి. రైతు వాటిని కాలితో పక్కకు తోసి తన పని తాను చూసుకుంటాడు. పిల్లలు ఏరుకొని ఆడుకుంటారు. ఆ పెంకులు ఎక్కడివని అడిగితే పెద్దలు “అది పాటిదిబ్బ, పూర్వం అక్కడ ఊరుండేది” అని మాత్రం చెబుతారు.

పాత గుంటూరు, ప్రకాశం జిల్లాల మైదానంలో ఇటువంటి దిబ్బలు ఎన్నో ఉన్నాయి. 2022లో జిల్లాలను పునర్విభజించిన తరువాత వీటిలో కొన్ని పల్నాడు జిల్లాలోకి, కొన్ని బాపట్ల జిల్లాలోకి వచ్చాయి. నేడు పత్తి, మిరప పండే ఈ నేలలోనే శాతవాహనుల కాలపు పట్టణాలూ, ఇక్ష్వాకుల రాజధానీ, బౌద్ధుల స్తూపాలూ వెలసి నశించాయి. వాటిని మొదట గుర్తించినవారిలో పురావస్తుశాఖ ఉద్యోగులకంటె ముందు నిలిచేవారు కొందరున్నారు. భూమిని కొలిచే సర్వేయరు, రాళ్లను పరీక్షించే భూగర్భశాస్త్రజ్ఞుడు, పల్లెలోని బడిపంతులు అట్టివారు. వారికి ఇది జీతం తెచ్చే పని కాదు, తీరిక వేళల వ్యాసంగం. ఇట్టి వ్యాసంగం మనిషి మనసుకు ఏ విధంగా మేలు చేస్తుంది, ఎప్పుడు కీడు చేస్తుంది అనే ప్రశ్నకు ఈ మైదానపు చరిత్రలోనే సమాధానం దొరుకుతుంది.

పాటిమన్నులోని రహస్యం

పాటిమన్ను మంచి ఎరువని రైతులకు తరతరాలుగా తెలుసు. బండ్ల మీద తోలి చేలకు చల్లేవారు. దీనికి కారణం రసాయనికమైనది. మనుషులు, పశువులు శతాబ్దాల తరబడి నివసించిన చోట ఎముకలు, పేడ, బూడిద, వంటింటి చెత్త నేలలో కలిసి భాస్వరపు లవణాలను మిగులుస్తాయి. ఇవి నీటిలో త్వరగా కరిగిపోవు. అందుచేత ఊరు అంతరించిన వెయ్యేళ్లకు కూడా ఆ మట్టిలో భాస్వరం ఎక్కువగా ఉంటుంది. స్వీడను దేశంలో ఓలోఫ్ అర్హేనియస్ అనే శాస్త్రజ్ఞుడు 1920వ దశకం చివర చెరకు దుంపల పొలాల మట్టిని పరీక్షిస్తూ ఈ సంగతిని కనిపెట్టి, పాత గ్రామస్థలాలను గుర్తించడానికి మట్టిపరీక్షనే సాధనంగా వాడాడు. మన రైతు అనుభవంతో గ్రహించినదీ, ఆయన ప్రయోగశాలలో తేల్చినదీ ఒక్కటే. అయితే బండి మన్ను తోలిన ప్రతిసారీ ఎరువుతో పాటు ఆ ఊరి చరిత్రలో కొంత భాగం కూడా చెదిరిపోయింది.

నల్లరేగడి స్వభావం కూడా ఇక్కడ తెలుసుకోదగినది. ఈ నేలలోని బంకమన్ను తడిసినప్పుడు ఉబ్బుతుంది, ఎండినప్పుడు ముడుచుకుంటుంది. వేసవిలో నేల బీటలు వారి, ఆ నెరియలు చాలా లోతు వరకు దిగుతాయి. పైనున్న పూస, నాణెం, పెంకు వాటిలోకి జారిపడతాయి. వాన కురవగానే నెరియ మూసుకుంటుంది. ఉబ్బిన మట్టి లోపలి వస్తువులను మెల్లగా పైకి నెట్టడం కూడా కద్దు. ఈ విధంగా రేగడి తనను తానే కలియబెట్టుకుంటుంది. కనుక రేగడి చేలో ఒక వస్తువు దొరికిన లోతును చూసి వెంటనే దాని వయస్సు నిర్ణయించరాదు.

దీనికి తేలికైన ఉదాహరణ మిరపగింజ. మిరప అమెరికా ఖండాలలో పుట్టిన మొక్క. 1498లో వాస్కో డ గామా కాలికట్టుకు వచ్చిన తరువాతనే, పోర్చుగీసుల రాకపోకల వల్ల, అది మన దేశానికి చేరింది. శాతవాహనుల వంటింట్లో కారానికి మిరియాలు, అల్లం ఉండవచ్చునే గాని మిరపకాయ ఉండదు. కాబట్టి శాతవాహనుల కాలపు పెంకుల పొరలో ఒక మిరపగింజ కనబడితే, ఆ పొర తరువాత ఎప్పుడో కలత చెందిందని గ్రహించాలి. వస్తువుకంటె అది ఉన్న స్థానం ముఖ్యమని ఈ చిన్న గింజ బోధిస్తుంది. పురావస్తు శాస్త్రానికి ఇదే మొదటి పాఠం.

అమరావతి – రెండు రాకల నడుమ

18వ శతాబ్దం చివర రాజా వాసిరెడ్డి వేంకటాద్రి నాయుడు చింతపల్లి నుండి తన రాజధానిని కృష్ణ ఒడ్డునున్న అమరావతికి మార్చాడు. కొత్త పట్టణానికి ఇటుకలు, రాళ్లు కావలసివచ్చాయి. సమీపంలో దీపాలదిన్నె అనే పెద్ద దిబ్బ ఉండేది. కూలీలు దానిని తవ్వగా చెక్కడపు పలకలు బయటపడ్డాయి. అది దాదాపు 50 మీటర్ల వ్యాసం గల మహాస్తూపమని అప్పటికి ఎవరికీ తెలియదు. లోపల నిధి ఉన్నదేమోనన్న ఆశ కూడా తవ్వకానికి తోడైంది.

ఆ వార్త విని చూడవచ్చినవాడు కాలిన్ మెకంజీ. ఆయన ఈస్టిండియా కంపెనీ సైన్యంలో ఇంజనీరు, వృత్తిచేత సర్వేయరు. 1815లో భారతదేశపు మొట్టమొదటి సర్వేయరు జనరలుగా నియమితుడైనాడు. శాసనాలు, కైఫీయతులు, పాత నాణేలు సేకరించడం ఆయనకు తీరిక వ్యాసంగం. ఆ పనిలో ఆయనకు కుడిభుజంగా నిలిచినవారు ఏలూరికి చెందిన కావలి సోదరులు. వారిలో వెంకట బొర్రయ్య 1803లో చిన్న వయసులోనే మరణించగా, తమ్ముడు వెంకట లక్ష్మయ్య ఆ పనిని కొనసాగించాడు.

మెకంజీ 1816లో మళ్లీ అమరావతికి వచ్చాడు. ఈ మధ్యకాలంలో దిబ్బ నడిభాగం కోనేటి కోసం గుంటగా మారింది. పలకలు కొన్ని మెట్లకు, కొన్ని కట్టడాలకు పోయాయి. మరికొన్ని సున్నపుబట్టీలకు చేరాయి. ఈ శిల్పాలు పలనాటి సున్నపురాతితో చెక్కినవి. సున్నపురాయి అంటే కాల్షియం కార్బొనేటు. దానిని బట్టీలో కాలిస్తే బొగ్గుపులుసు వాయువు వెడలిపోయి సున్నం మిగులుతుంది. రెండువేల ఏళ్లనాటి శిల్పి ఉలితో నిలిపిన బుద్ధచరిత్ర ఆ విధంగా గోడలకు వెల్లగా మారింది.

మెకంజీ ఈసారి చేసిన పని గమనించదగినది. చిత్రకారులను, సర్వేయర్లను నియమించి స్తూపపు ప్లాను గీయించాడు, ఒక్కొక్క పలకనూ కొలిచి బొమ్మలు వేయించాడు. ఆ చిత్రాల సంపుటం నేడు లండనులోని బ్రిటిషు లైబ్రరీలో ఉన్నది. ఆయన బొమ్మ వేయించిన శిల్పాలలో కొన్ని తరువాత కనబడకుండా పోయాయి. వాటిని గురించి లోకానికి తెలిసినదంతా ఆ కాగితం మీది గీతలే. రాయి పోయినా గీత మిగిలింది.

ఆ తరువాతి చరిత్రలో రెండు రకాల ధోరణులూ కలగలిసి కనబడతాయి. 1845లో సర్ వాల్టర్ ఇలియట్ ఇక్కడ తవ్వించి ఎన్నో పలకలను మద్రాసుకు పంపాడు. ఆయన మద్రాసు సివిల్ సర్వీసులో అధికారి, నాణేల శాస్త్రంలో దిట్ట, జంతువులను గూర్చి కూడా పరిశోధించినవాడు. చార్లెస్ డార్వినుకు పావురాల చర్మాలు పంపినది కూడా ఆయనే. కాని అమరావతి తవ్వకం గురించి ఆయన సమగ్రమైన నివేదిక ప్రచురించలేదు. ఏ పలక ఏ వైపున దొరికిందో పోల్చుకోవడం తరువాతి వారికి కష్టమైంది. ఆ పలకలు 1859లో లండనుకు ఓడలో వెళ్లి, చివరకు బ్రిటిషు మ్యూజియంలో చోటు చేసుకున్నాయి. 1877లో రాబర్ట్ సీవెల్, 1881 చివర జేమ్స్ బర్జెస్ వచ్చారు. ఈ ఇద్దరి రాకల నడుమ 1880లో ప్రభుత్వపు ఉత్తర్వుపై దిబ్బ మొత్తాన్ని తవ్వి శుభ్రం చేశారు. శుభ్రం చేయడమంటే ఇక్కడ స్థానాలు చెరిగిపోవడమే. అమరావతి శిల్పాలను చూడాలంటే నేడు అమరావతి, చెన్నై, లండను మూడు చోట్లకూ పోవలసి ఉంటుంది.

పలనాటి బడిపంతులు

అమరావతిలో జరిగినది నష్టచరిత్ర అయితే, అదే కృష్ణానదికి ఎగువన పలనాటిలో జరిగినది లాభచరిత్ర. మాచర్లకు సమీపాన నల్లమల కొండల నడుమ నాగార్జునకొండ లోయ ఉండేది. రాకపోకలు కష్టమైన ఆ లోయలో 1926లో సూరపరాజు వెంకటరామయ్య అనే స్థానిక ఉపాధ్యాయుడు ఒక పురాతన స్తంభాన్ని చూశాడు. దానిని పెకలించలేదు, ఇంటికి మోసుకుపోలేదు. చూసిన సంగతిని మద్రాసు ప్రభుత్వానికి తెలియజేశాడు.

ఆ కబురు మీద శాసనశాఖలో తెలుగు సహాయకుడుగా ఉన్న రంగస్వామి సరస్వతి లోయకు వచ్చి, అది ముఖ్యమైన ప్రాచీన స్థలమని నిర్ధారించాడు. పుదుచ్చేరిలో అధ్యాపకుడైన ఫ్రెంచి పండితుడు జూవో దుబ్రోయి కూడా ఆ సంవత్సరమే పలనాడు తిరిగి, గోలి గ్రామంలోని బౌద్ధశిల్పాలను వెలుగులోకి తెచ్చాడు. 1927 నుండి 1931 వరకు లాంగ్‌హర్‌స్ట్ నాగార్జునకొండలో తవ్వకాలు సాగించాడు. స్తూపాలు, విహారాలు, ప్రాకృత శాసనాలు బయల్పడ్డాయి. సా.శ. 3, 4 శతాబ్దాలలో ఇక్ష్వాకు రాజుల రాజధానియైన విజయపురి అదేనని తేలింది. 1938లో టి. ఎన్. రామచంద్రన్ మరికొంత తవ్వాడు.

ఇక్కడ తేదీలను పక్కపక్కన పెట్టి చూడాలి. ఉపాధ్యాయుడు స్తంభాన్ని చూసినది 1926. నాగార్జునసాగర్ ఆనకట్టకు శంకుస్థాపన జరిగినది 1955 డిసెంబరు 10. నడుమ ఉన్నది 29 ఏళ్లు మాత్రమే. ఆనకట్ట పూర్తయితే లోయ అంతా నీటిలో మునుగుతుందని తెలుసు. లోయ విలువ కూడా అప్పటికే తెలుసు కనుక, ప్రభుత్వం 1954 నుండి 1960 వరకు ఆర్. సుబ్రహ్మణ్యం నాయకత్వాన విస్తృతమైన తవ్వకాలు జరిపించింది. రాతియుగపు పనిముట్లు మొదలు ఇక్ష్వాకుల రంగస్థలం వరకు ఒక లోయలో మానవుడు గడిపిన జీవితమంతా నమోదైంది. ముఖ్యమైన కట్టడాలను కొన్నింటిని విడదీసి కొండపైకి తెచ్చి తిరిగి నిర్మించారు. నేడు ఆ కొండశిఖరమే జలాశయంలో దీవి, దానిపై మ్యూజియం ఉన్నది.

ఆ పంతులు స్తంభాన్ని చూసీ చూడనట్లు పోయినా, లేక దాని కింద నిధి ఉందని పలుగు తెచ్చినా ఏమి జరిగి ఉండేదో ఊహించవచ్చు. ఒక ఉత్తరం ఒక రాజధానిని నీళ్లపాలు కాకుండా కాపాడింది. దానికి కావలసిన పరికరాలు రెండే: చూసే కన్ను, రాసే చేయి.

తీరిక వ్యాసంగం నుండి శాస్త్రం

ఇట్టివారు ఇంకా ఉన్నారు. భూగర్భశాఖలో పనిచేసిన రాబర్ట్ బ్రూస్ ఫుట్ 1863 మే 30న మద్రాసు సమీపాన పల్లావరంలో ఒక రాతి పనిముట్టును గుర్తించాడు. భారతదేశపు ప్రాచీన రాతియుగపు అధ్యయనం ఆ రాయితో మొదలైంది. ఆయన ఉద్యోగం ఖనిజాలను, శిలలను పరిశీలించడం. 15వ అక్షాంశం నుండి మచిలీపట్నం వరకు గల తూర్పు తీరపు భూగర్భాన్ని, అంటే ఒంగోలు, గుంటూరు ప్రాంతాన్ని, 1879లో వెలువడిన గ్రంథంలో వర్ణించినదీ ఆయనే. ఉద్యోగరీత్యా నడిచిన దారిలోనే పూర్వమానవుని జాడలను ఏరుకున్నాడు. దొరికిన ప్రతి వస్తువుకు దొరికిన స్థలాన్ని రాసిపెట్టాడు గనుకనే ఆయన సేకరణ, మద్రాసు మ్యూజియానికి చేరిన తరువాత, శాస్త్రానికి ఉపయోగపడింది.

కమియాడ్ అనే ఆయన కూడా తూర్పు కనుమల ప్రాంతంలో రాతి పనిముట్లను సేకరించాడు. అవి నదుల గులకరాళ్ల పొరల్లో ఏ పొరకు చెందినవో కూడా గమనించాడు. ఆ గమనిక ఆధారంగా కేంబ్రిడ్జి విద్వాంసుడు బర్కిట్‌తో కలిసి 1930లో ఒక వ్యాసం ప్రకటించాడు. ఆగ్నేయ భారతపు రాతియుగం నాలుగు దశలుగా నడిచిందని అందులో చూపారు. పొరల సంగతి రాయకపోతే అవి నాలుగు దశలు కావు, ఒక గంపెడు రాళ్లు మాత్రమే.

తెలంగాణలో ఆదిరాజు వీరభద్రరావు ఉపాధ్యాయుడుగా పనిచేస్తూనే శాసనాలు సేకరించి, లక్ష్మణరాయ పరిశోధక మండలి ద్వారా చరిత్రకు మహోపకారం చేశారు. బడిలో పాఠం చెప్పేవాడు బడి వెలుపల పరిశోధకుడు కాగలడని ఇట్టివారి జీవితాలు చాటుతున్నాయి.

లోహశోధిని – దాని శక్తి, దాని హద్దు

నేడు ఈ వ్యాసంగంలోకి ఒక యంత్రం ప్రవేశించింది. అది మెటల్ డిటెక్టరు, అంటే లోహశోధిని. దాని సూత్రం ఉన్నత పాఠశాల విద్యార్థికి తెలిసిన విద్యుదయస్కాంత ప్రేరణే. ఒక తీగచుట్టలో దిశ మారుతూ ఉండే విద్యుత్తును ప్రవహింపజేస్తే చుట్టూ మారే అయస్కాంత క్షేత్రం ఏర్పడుతుంది. ఆ క్షేత్రంలోకి లోహపు ముక్క వస్తే దానిలో సుడిప్రవాహాలు పుడతాయి. ఆ ప్రవాహాలు తిరిగి తమ స్వంత క్షేత్రాన్ని కలిగిస్తాయి. దానిని మరొక తీగచుట్ట గ్రహించి శబ్దంగా మారుస్తుంది.

1881లో అమెరికా అధ్యక్షుడు గార్ఫీల్డ్ తుపాకిదెబ్బ తిన్నప్పుడు, ఆయన దేహంలో తూటా ఎక్కడున్నదో కనిపెట్టడానికి టెలిఫోను నిర్మాత గ్రాహం బెల్ ఈ సూత్రం మీదనే ఒక పరికరాన్ని చేశాడు. ప్రయత్నం ఫలించలేదు. మంచంలోని ఉక్కు స్ప్రింగులు అడ్డువచ్చాయని చెబుతారు. రెండవ ప్రపంచయుద్ధంలో మందుపాతరలను వెదకడానికి పోలెండు ఇంజనీరు కొసాత్స్కీ చేతిలో ఇమిడే శోధినిని రూపొందించాడు. యుద్ధం ముగిశాక ఈ యంత్రం మెల్లగా పౌరుల చేతికి వచ్చింది.

ఇంగ్లండులో భూమి యజమాని అనుమతితో, రక్షిత స్థలాలకు వెలుపల, దీనితో వెదకడం చట్టసమ్మతం. 1997లో ప్రారంభమైన ఒక పథకం కింద వెదికేవారు తమకు దొరికినవాటిని స్వచ్ఛందంగా నమోదు చేయిస్తారు. పది లక్షలకు పైగా వస్తువులు ఆ విధంగా నమోదైనాయి. మన దేశపు చట్టం వేరు. 1878 నాటి నిధి చట్టం ప్రకారం, భూమిలో దాగి ఉన్న పది రూపాయలకు మించిన విలువ గల నిధి దొరికినవాడు ఆ సంగతిని కలెక్టరుకు వ్రాతమూలకంగా తెలపాలి. 1958 నాటి చట్టం రక్షిత స్థలాలలో అనుమతి లేని తవ్వకాన్ని నిషేధిస్తుంది. 1972 నాటి చట్టం ప్రకారం నూరేళ్లకు మించిన పురావస్తువుల అమ్మకానికి, ఎగుమతికి కట్టుబాట్లు ఉన్నాయి. కాబట్టి శోధిని పట్టుకొని పాటిదిబ్బ ఎక్కి తవ్వడం ఇక్కడ వినోదం కాజాలదు.

చట్టం సంగతి అటుంచినా, శాస్త్రరీత్యా కూడా ఆ యంత్రానికి పెద్ద హద్దు ఉన్నది. అది లోహాన్ని మాత్రమే వింటుంది. మట్టిపాత్ర, ఇటుక, ఎముక, గాజుపూస, సున్నపురాతి శిల్పం దానికి వినబడవు. శాతవాహనుల సీసపు నాణెం దగ్గర అది మోగుతుంది. ఆ నాణెం పక్కనున్న పాత్ర దగ్గర మౌనం వహిస్తుంది. వెలుపల ఎరుపు, లోపల నలుపు గల పాత్రపెంకు మాత్రం కంటితో చూసేవానికి కొలిమి రహస్యం చెబుతుంది. గాలి తగిలిన భాగంలో మట్టిలోని ఇనుము ఆమ్లజనితో కలిసి ఎర్రబడింది, గాలి తగలని భాగం నల్లబడింది.

మేకులు చెప్పిన ఓడ

స్థానం విలువను తెలిపే గొప్ప ఉదాహరణ 1939లో ఇంగ్లండులోని సటన్ హూలో జరిగింది. అక్కడ ఒక మట్టిదిబ్బను తవ్వినవాడు బాసిల్ బ్రౌన్. ఆయన 12వ ఏట బడి మానినవాడు. వ్యవసాయం చేసుకుంటూ తనంత తానే ఖగోళశాస్త్రం, పురావస్తుశాస్త్రం నేర్చుకున్నాడు. తవ్వుతుండగా తుప్పుపట్టిన ఒక ఇనుపమేకు కనబడింది, తరువాత మరొకటి, ఇంకొకటి. బ్రౌన్ వాటిని పెకలించలేదు. ఉన్నవి ఉన్నచోటనే ఉంచి, చుట్టూ ఉన్న ఇసుకను మెల్లగా తొలగించాడు. ఓడ కొయ్య ఏనాడో కుళ్లిపోయింది. ఆమ్లగుణం గల ఇసుకలో దాని రంగుమరక, మేకుల వరుసలు మాత్రమే మిగిలాయి. ఆ వరుసలే 27 మీటర్ల పొడవు గల ఓడ ఆకారాన్ని చూపాయి. అది ఏడవ శతాబ్దపు ఒక రాజు సమాధి అని పండితుల నమ్మకం.

ఒక శోధినితో ఎవరైనా ఆ మేకులన్నిటినీ ఏరి సంచిలో వేసుకొనిపోయి ఉంటే, మిగిలేది తుప్పు ఇనుము, పాత సామాను కొట్టులో కిలో లెక్కన తూగేది. అదే ఇనుము స్థానంలో ఉన్నంతవరకు ఓడగా ఉన్నది.

మనసుకు దీని మేలు

ఇటీవలి కాలంలో ఈ వ్యాసంగానికి మనోవైద్యానికి సంబంధించిన ఒక కొత్త ఉపయోగం కూడా ఏర్పడింది. 2011లో బ్రిటనులో ‘ఆపరేషన్ నైటింగేల్’ అనే కార్యక్రమం మొదలైంది. అఫ్ఘనిస్తాను యుద్ధంలో శరీరానికో మనసుకో గాయపడి తిరిగివచ్చిన సైనికులను పురావస్తు తవ్వకాలలో నిపుణుల పక్కన పనిచేయించడం దాని పద్ధతి. 2012లో వారు సాలిస్‌బరీ మైదానంలోని బారో క్లంప్ అనే సమాధిదిబ్బ వద్ద పనిచేశారు. సైనికునికి నేలను జాగ్రత్తగా చూడడం, గుంపుగా పనిచేయడం, కొలిచి రాయడం అలవాటే. యుద్ధంలో ప్రాణభయంతో చేసిన ఆ పనులే ఇక్కడ భయం లేకుండా చేస్తాడు. 2016లో ‘హ్యూమన్ హెంజ్’ అనే మరొక కార్యక్రమం మానసిక బాధలున్నవారిని స్టోన్‌హెంజ్ పరిసరాల్లో నడిపించి, ఆ స్థలపు చరిత్రను నిదానంగా పరిచయం చేసింది. పాల్గొన్నవారిలో పలువురికి మనసు కొంత కుదుటపడింది.

దీని కారణాలు గ్రహించడం కష్టం కాదు. దిగులుతో ఉన్న మనసు గానుగెద్దులా తన చుట్టూ తానే తిరుగుతుంది. నేలమీది చిన్న వస్తువును వెదకేటప్పుడు దృష్టి బలవంతం లేకుండా వెలుపలికి మళ్లుతుంది. నడక శరీరానికి వ్యాయామం. తోడు నడిచేవారితో మాటలు కలుస్తాయి. రెండువేల ఏళ్ల క్రిందట ఒక కుమ్మరి వేలిముద్ర పడిన పెంకు చేతిలోకి వచ్చినప్పుడు, నేటి కష్టం కాలమంతటినీ ఆక్రమించి లేదనే భావం కలుగుతుంది. పంట ధర పడిపోయిన సంవత్సరం, పరీక్ష తప్పిన సంవత్సరం, ఆ భావం చిన్న సహాయం కాదు. అయితే ఇది వైద్యానికి బదులు కాదు. తీవ్రమైన వ్యాకులత ఉన్నవారు వైద్యుని చూడవలసిందే. వ్యాసంగం వైద్యానికి తోడు మాత్రమే.

ఇక్కడ ఒక భేదాన్ని స్పష్టంగా గుర్తించాలి. గుప్తనిధుల వేటగాడు కూడా దిబ్బల మీద తిరుగుతాడు, నేలవంకే చూస్తాడు. కాని అతనికి రాత్రి నిద్ర ఉండదు. దొరకనంతసేపు ఆశ, దొరికితే భయం, పక్కవాని మీద అనుమానం. ఆ ఆశతోనే పాడుపడిన గుడులలో విగ్రహాలను పెకలించారు, నందుల కడుపులు పగులగొట్టారు. చేతికి దక్కినది సాధారణంగా ఏమీ ఉండదు, ఊరికి మిగిలినది శిథిలం. నోటుపుస్తకంతో నడిచేవానికి ఏమీ దొరకని రోజు కూడా వృథా కాదు, ఏమీ లేదని రాసుకోవడం కూడా ఒక పరిశీలనే. మనసుకు మేలు చేసేది వస్తువు కాదు, గమనిక. వస్తువు మీద మమకారం పెరిగినకొద్దీ ఆ మేలు తగ్గుతుంది.

పాఠశాలలో చేయదగిన పని

ఈ పనికి ఖర్చు స్వల్పం. ఒక నోటుపుస్తకం, పెన్సిలు, కొలబద్ద, ఊరి పటం, వీలైతే ఫోటో తీయడానికి సెల్‌ఫోను చాలు. పొలం యజమాని అనుమతి తీసుకొని, పంట లేని కాలంలో, ఉపాధ్యాయుని వెంట విద్యార్థులు వరుసగా కొన్ని అడుగుల ఎడంతో నడవాలి. పెంకు కనబడిన చోట దానిని కదల్చకుండా పక్కన కొలబద్ద పెట్టి ఫోటో తీయాలి. తేదీ, సర్వే నంబరు, నేల రకం, పెంకు రంగు, ఎన్ని అడుగుల మేర పెంకులు పరచుకొని ఉన్నాయో రాయాలి. ఊరి పెద్దలు ఆ దిబ్బకు చెప్పుకునే పేరు, కథ కూడా రాయాలి. తవ్వరాదు. శాసనం, శిల్పం, నాణేలు కనబడితే తహసీలుదారుకు లేదా పురావస్తుశాఖకు తెలపాలి. ఎండాకాలంలో రేగడి నెరియల దగ్గర, వానాకాలంలో పొదల దగ్గర పాములు ఉండవచ్చు గనుక పిల్లలను జాగ్రత్తగా నడిపించాలి.

ఒక సంవత్సరపు నోటుపుస్తకం చిన్నదిగానే కనబడుతుంది. పదేళ్ల పుస్తకాలను పక్కపక్కన పెడితే ఏ దిబ్బ ఎంత తరిగిందో, ఏ వానకు ఏ పొలంలో పూసలు తేలాయో తెలుస్తుంది. భట్టిప్రోలు స్తూపం ఇటుకలు చాలావరకు రోడ్డుపనులకు పోయిన తరువాతనే 1892లో అలెగ్జాండర్ రే అక్కడ శాసనాలు గల ధాతుకరండాలను కనుగొన్నాడు. ఆ అక్షరాలు తెలుగునేల మీద దొరికిన అతి ప్రాచీన లిపిలో చేరినవి. రోడ్డుకు పోయిన భాగంలో ఏమున్నదో ఎవరూ రాసిపెట్టలేదు.

పాటిదిబ్బలు ఇప్పటికీ తరుగుతున్నాయి. చేలు చదును చేసే యంత్రాలు, ఇండ్ల స్థలాలు, రహదారులు ఏటా కొన్నింటిని మింగుతున్నాయి. వాటిని అన్నిటినీ కాపాడడం ఏ శాఖకూ సాధ్యం కాకపోవచ్చు. కాని ప్రతి ఊరిలో ఒక బడి ఉన్నది, ప్రతి బడిలో ఒక పంతులు ఉన్నాడు. 1926లో పలనాటి లోయలో ఒక పంతులు చేసిన పని నేడు కూడా చేయదగినదే. తొలకరి తరువాతి ఆదివారం ఉదయం అందుకు అనువైన సమయం.